తువ్వాలు కింద ఆదాయం

జీతం తీసుకునే మనిషిని, వచ్చే ఏడాది నీకెంత వస్తుందయ్యా అని అడిగితే నిలబడ్డ చోటే లెక్క చెప్పేస్తాడు. సొంత పని చేసుకుని బతికేవాణ్ణి అదే మాట అడగండి. ముందు మీ ముఖం చూస్తాడు, తర్వాత మబ్బు వైపు చూస్తాడు, చివరికి కాఫీ తాగుతారా అంటాడు. ఆ చూపులను అంకెలుగా మార్చి సర్కారుకు పంపడమే నా వృత్తి. మదనపల్లెలో బస్టాండు వెనక ఒక మిద్దె మీద చిన్న గది తీసుకుని, ఇన్‌కమ్ టాక్స్ ప్రాక్టీషనర్ అని బోర్డు కట్టుకున్నాను. నాకూ జీతం లేదు. వచ్చే నెల గది బాడుగ ఎక్కణ్ణించి వస్తుందో తెలియని నేను, ఊళ్ళో వాళ్ళందరి ఏడాది ఆదాయం ముందుగా చెప్పేవాణ్ణి. జాతకాలు చూసేవాళ్ళు నాకంటే నయం, వాళ్ళ జోస్యం తప్పితే వడ్డీ వేసేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పుడీ పనిలోకి వచ్చే పిల్లలకు యంత్రమే అన్నీ కూడి పెడుతుంది. తప్పుంటే ఎర్రగా చూపిస్తుంది కూడా. నేను చెబుతున్నది డెబ్బైల చివరి మాట. పన్ను పడేంత ఆదాయం ఉన్నవాడు ఏడాది గడవక ముందే, ఈ ఏడు నాకింత వస్తుందని అంచనా రాసిచ్చి, దాని మీద పన్ను వాయిదాల్లో కట్టాలి. దాన్నే అడ్వాన్స్ టాక్స్ అంటారు. తక్కువ అంచనా వేస్తే వడ్డీ. ఎక్కువ అంచనా వేస్తే, కట్టిన సొమ్ము వెనక్కి రావడానికి మనిషి ఆయుష్షు చాలాలి. అసలు అంచనాయే ఇవ్వకపోతే ఆఫీసరే తనకు తోచినంత వేస్తాడు. ఆయనకు తోచేది ఎప్పుడూ మనకు తోచినదానికన్నా పెద్దదే.

కుప్పంలో నాకొక ఫోటోగ్రాఫరు క్లయింటు ఉండేవాడు. పెళ్ళిళ్ళే ఆయన బతుకు. అంచనా అడిగితే ఆ ఏటి పంచాంగం నా చేతిలో పెట్టాడు. "ముహూర్తాలు ఇందులో ఉండాయి సార్, మీరే గుణకారం చేసుకోండి" అన్నాడు. మనకు ఆషాఢం, పక్కనున్న తమిళం వాళ్ళకు ఆడి, కన్నడం వాళ్ళది ఇంకో లెక్క. మూడు భాషల పంచాంగాలు ముందేసుకుని, మూఢాలు తీసేసి, నేను ఒక మనిషి ఆదాయం కట్టాను. దాన్ని ఆఫీసులో ఎవరూ తప్పు పట్టలేదు. పంచాంగాన్ని తప్పు పట్టే ధైర్యం ఎవరికుంది! అప్పటినుంచి నా అంత అంచనాదారు జిల్లాలో లేడని నాకు కొంచెం తిక్క ఎక్కింది. ఆ తిక్క కుదిర్చింది పుంగనూరు పశువుల దళారి.

ఆయనకు అప్పటికి అరవై దగ్గర పడి ఉంటాయి. పొడుగు మనిషి, తలకు పాగా, భుజాన ఎర్ర అంచు తువ్వాలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంతల్లో ఎద్దుల బేరమంటే ఆయన చెయ్యి పడాల్సిందే. అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా దళారీ తీసుకుంటాడు. ఒకరోజు మా మెట్లెక్కి వచ్చి, నోటీసు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"ఇదేందో సూడు సామీ. కొత్తాఫీసరు పంపినాడంట. మావోడు సదివి, నీకు యేటికెంతొస్తాదో ముందే చెప్పల్లంట అన్నాడు."

ఆ ఆఫీసరు మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగాయన. బదిలీ మీద మా వైపు వచ్చి, పుంగనూరు పొట్టి ఆవు ఒకటి కొనాలని సరదాపడి సంతకు పోయాడు. ఆవు దొరకలేదు గానీ దళారి కంటబడ్డాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ తువ్వాలు కిందికి వెళ్ళి వచ్చిన చేతులన్నీ చూసి, మరుసటి వారమే నోటీసు పంపాడు.

"దానికేం అప్పా, ఎంతొస్తుందో చెప్పు, నేను రాసుకుంటాను" అన్నాను.

"నేను యాడ చెప్పేది సామీ? దళారి నోట్లో అంకె రాకూడదు."

సంతలో తువ్వాలు కింద బేరం చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. దళారి, కొనేవాడు చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, మొత్తం చెయ్యి పడితే ఐదు. తర్వాత అమ్మేవాడితో కూడా అంతే. ధర ఆ చేతులకు తప్ప చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. ఏ రైతు ఎంతకు అమ్ముకున్నాడో, ఎంత అవసరంలో ఉండి అమ్ముకున్నాడో ఊరికి తెలియకుండా కాపాడేది ఆ గుడ్డముక్కే. నోటితో ఒక్కసారి అంకె చెప్పిన దళారి తువ్వాలు కింద మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టరు. తన ఏడాది సంపాదన ఎంతో బయటపడితే జతకెంత పుచ్చుకుంటున్నాడో, ఏ జత ఎంతకు పోయిందో వెనక్కి లెక్క కట్టేస్తారని ఆయన భయం. అది ఉత్త భయమేమీ కాదు.

"అయితే రాసివ్వు."

"అది ఇంగా అద్దువాన్నం. నోటి మాట గాలికి పోతాది. రాసింది పోతాదా? నా నోటితో చెప్పకూడదు, నా చేత్తో రాయకూడదు. నీ చేతికి చెప్తా. ఆపైన నువ్వు రాసుకుంటే అది నీ పాపం."

పాపం మోయడానికి నేను సిద్ధమే. ఫీజు తీసుకునేది అందుకే. చెయ్యి చాపాను. ఆయన తువ్వాలు కప్పి నా వేళ్ళు గట్టిగా నొక్కాడు. అంకె తెలిసింది.

"ఇవి వందలా, వేలా?"

"పశువును సూసి తెలుసుకోవల్ల సామీ. మేక నిలబడితే పదులు, ఒక ఆవు నిలబడితే వందలు, ఎద్దుల జత నిలబడితే వేలు. ఈడ పశువు యాడుండాది?"

నా గదిలో గోడ మీద బల్లి తప్ప వేరే జీవి లేదు. వేలేనా అని అడిగాను. పలకలేదు. తలైనా ఊపమన్నాను. తల ఊపితే నోటితో చెప్పినట్టేనట. ఇట్లాంటి మొండి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇక ఆ ఆఫీసరు సొంతంగా అంచనా వేస్తే ఆయన ఇల్లు అమ్మినా చాలదు. నోరు తెరిస్తే వృత్తి పోతుంది, మూసుకుంటే ఇల్లు పోతుంది. ఈ రెంటి మధ్యా నన్ను నిలబెట్టి, ఆయన మాత్రం నిమ్మళంగా తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకున్నాడు.

గడువు అడగడానికి ఆఫీసరు దగ్గరికి పోయాను. జరిగింది చెబితే ఆయన కలం కింద పెట్టాడు.

"నోటితో చెప్పడు, రాయడు. మరెలా చెబుతాడండీ?"

"చేత్తో చెబుతాడు సార్. కాకపోతే ఎదురుగా ఎద్దులుండాలి."

"నా గదిలోకి ఎద్దులు రావు."

"అందుకే తమరే సంతకు రావాలి సార్."

తిడతాడనుకున్నాను. కానీ ఆయన మనసులో ఆ పొట్టి ఆవు ఇంకా మేస్తూనే ఉన్నట్టుంది. "నేను ఆవు కోసం వస్తున్నాను. అంచనా కోసం కాదు. దారిలో దొరికితే తీసుకుంటాను" అన్నాడు. సరేనన్నాను. నేనొక్కణ్ణే పోయి ఎద్దుల ముందు విని రావచ్చన్నది అప్పుడు నాకు తట్టలేదు. చట్టంలో దీనికి చోటు ఉందో లేదో నేను వెతకలేదు, వెతికితే లేదని తెలుస్తుంది కదా.

పుంగనూరు సంత ఆ రోజు కిటకిటలాడుతోంది. వానల్లేని ఏడు, అమ్మేవాళ్ళే ఎక్కువ. గుర్రంకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు తెల్లటి ఎద్దుల జతను పట్టుకుని పొద్దుట్నుంచి నిలబడి ఉన్నాడు, ఎవరూ అడగలేదు. దళారి ఆ జత ముందుకు మమ్మల్ని తీసుకుపోయాడు. లెక్కకు జత కావాలి, ఆ జత ఖాళీగా ఉంది, అంతే. రైతును అడగాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. వేళ్ళ లెక్కను నేను ఆఫీసరుకు దారిలోనే నేర్పాను. ఆయన ఇస్త్రీ చొక్కా చెయ్యి మడుచుకుని, గుళ్ళో తీర్థానికి చాపినట్టు చాపాడు. తువ్వాలు కప్పుకుంది.

మామూలుగా అయితే దళారి తన అంకె చెప్పాలి, ఆఫీసరు విని చెయ్యి తీసుకోవాలి. అంచనా వేసేది పన్ను కట్టేవాడే గానీ ఆఫీసరు కాదు. కానీ తువ్వాలు కిందికి వెళ్ళిన చెయ్యి ఊరికే ఉంటుందా! దళారి అంకె ఆయనకు తక్కువనిపించింది. ఇంకో వేలు పట్టుకున్నాడు. దళారి కనుబొమలు పైకి లేచాయి. ఆ వేలు విడిపించుకుని మళ్ళీ తన అంకెకే వచ్చాడు. ఆఫీసరు పెదవి బిగించి మళ్ళీ పెంచాడు. చుట్టూ జనం మూగారు.

"ఎవురప్పా ఆ ఇస్త్రీ చొక్కాయన? బేరం బలే లాగతాండాడే!"

"పట్నమోడు మాదిరుండాడు. వానికేం తెల్సు ఎద్దుల సంగతి?"

ఒక ముసలాయనకు జాలి కలిగి ముందుకొచ్చాడు. "సార్, దళారి మాట ఇనొద్దు. పండ్లు సూడు, అరిగిపోయినాయి. బాగా తగ్గించి అడుగు!" అన్నాడు.

ఆఫీసరు ఆ ప్రోత్సాహంతో ఇంకాస్త పెంచాడు. సంత చరిత్రలో కొనేవాడు పైకి లాగుతుంటే దళారి కిందికి లాగిన బేరం అదొక్కటే అయి ఉంటుంది. అది అక్కడ ఇద్దరికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసరు ముఖం వెలిగిపోతోంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కాగితాలతో పోట్లాడిన మనిషి, మొదటిసారి ఒక చేతితో పోట్లాడుతున్నాడు. దళారి నుదుట చెమట పట్టింది. ఇద్దరూ ఒక అంకె దగ్గర ఆగారు, వేళ్ళు బిగిశాయి, తలలు ఊగాయి.

అప్పుడు జరిగింది అసలు తప్పు. జీవితమంతా చేసిన అలవాటు ఊరుకుంటుందా. దళారి తువ్వాలు ఒక్క విదిలింపు విదిలించి భుజాన వేసుకుని, సంతంతా వినబడేలా "తెగిందిరా!" అని అరిచాడు.

బేరం తెగింది అంటే మా వైపు కుదిరిందని. అరిచాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. చేతులు కలిసి, తువ్వాలు విదిలించి, ఆ మాట పడిందంటే పశువు చెయ్యి మారినట్టే. గుర్రంకొండ రైతు పరుగున వచ్చి పలుపుతాళ్ళు రెండూ ఆఫీసరు చేతిలో పెట్టి దండం పెట్టాడు. ఎద్దులు రెండూ కొత్త యజమానిని వాసన చూశాయి.

"ఎంతకు తెగిందన్నా?" అని రైతు దళారి ముందు చెయ్యి చాపాడు.

దళారికి వేరే దారి లేదు. తువ్వాలు కింద అబద్ధం ఆడకూడదు, అది నోటితో అంకె చెప్పడం కన్నా పెద్ద పాపం. వేళ్ళు నొక్కాడు. రైతు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నమ్మలేక మళ్ళీ లోపల పెట్టాడు. మళ్ళీ అదే అంకె. ఆ మనిషి అట్లాగే నేలమీద కూలబడి, తన ఎద్దులను ఎన్నడూ చూడనట్టు చూశాడు. ఒక జత ఎద్దులకు ఒక దళారి ఏడాది సంపాదన! అదీ ఆఫీసరు పెంచగా పెంచగా వచ్చిన సంపాదన.

"ఏమిటండీ ఇది? నేను ఎద్దులు కొనడమేమిటి? నేను అడిగింది ఈయన..." అని ఆఫీసరు మొదలుపెట్టాడు. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అడిగింది ఈయన ఆదాయం అని ఒక్క మాట బయటికి వస్తే చాలు. ఆ అంకె రైతు చేతిలో ఇప్పటికే ఉంది. సాయంత్రానికి మూడు సంతలకూ పాకుతుంది. ఆఫీసరుకూ ఆ సంగతి వెలిగింది. పన్ను కట్టేవాడి వివరం బయటపెడితే ముందు నేరస్తుడు ఆయనే. నోరు మూసుకున్నాడు. నిజం తెలిసిన ముగ్గురం అక్కడ నిలబడి ఉన్నాం, ముగ్గురికీ చెప్పే వీలు లేదు.

"దుడ్లు ఎప్పుడిస్తావు సార్?" అన్నాడు రైతు వినయంగా.

ఆఫీసరు జేబులో పొట్టి ఆవుకు సరిపడా ఉన్నాయేమో. ఆయన నా వైపు చూశాడు. నేను దళారి వైపు చూశాను. దళారి ముందుకు వచ్చి ఆఫీసరు చేతిలోంచి పలుపుతాళ్ళు తీసుకున్నాడు.

"ఎద్దులు సార్‌కి గాదప్పా, నాకి. సార్ నా తరపున చెయ్యి పెట్టినాడు. కొంచెం ఇప్పుడిస్తా, ఉగాదిలోపల మిగిలింది ఇస్తా."

జనం గొల్లున నవ్వారు. దళారి సొంతానికి కొనడమేమిటని ఒకడు, ముసలితనంలో సేద్యం చేస్తాడంట అని ఒకడు. ఆఫీసరు గొంతు తగ్గించి, "మీరెందుకండీ? పొరపాటని చెబితే పోయేదానికి" అన్నాడు.

"నా టవాలు కింద కలిసిన చేతులు విడిపోయినాయంటే రేపట్నించి నేను సంతకొచ్చి ఏం చెయ్యల్ల సార్? ఎద్దులదేముండాది, గడ్డి తింటాయి, అంతే గదా."

నాకు ఆయన మీద గౌరవం కలగలేదు, కోపం వచ్చింది. ఒక అరుపుకు ఏడాది కష్టాన్ని ఇచ్చేస్తాడా ఎవడైనా!

రైతు తన వంతు దళారీ తీసి ఇచ్చాడు. ఆచారం గనక దళారి తీసుకున్నాడు. టీ బంకు దగ్గర బల్ల మీద కూర్చుని దాన్ని కూడా ఆదాయంలో కలిపాను, ఏం చేస్తాం, ఆదాయం ఆదాయమే. ఎద్దుల అసలు విలువ పక్కన పెట్టి, పైన పోసిన సొమ్మంతా నష్టం కింద రాశాను. అంచనాలోంచి నష్టం తీసేస్తే పన్ను పడేంత ఆదాయం మిగలలేదు. ఆఫీసరు టీ తాగుతూ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"నష్టానికి కారణమేమని రాస్తారు?"

"అంచనా వేయడం వల్ల అని రాస్తాను సార్. నిజం అదే."

"అలా రాయకండి" అన్నాడు. వ్యాపార నష్టం అని రాశాను. పన్ను: ఏమీ లేదు. ఆయన ఆవు సంగతి అడగకుండానే బస్సెక్కాడు.

తర్వాత ఒకసారి పని మీద దళారి ఇంటికి పోయాను. ఆయన భార్య గడ్డి వేస్తూ, నన్ను చూసి కూర్చోమని కూడా అనలేదు. "ఏం సామీ, మా ఆయప్ప సంపాదన సూడను వచ్చినావా? కొట్టంలో నెమరేస్తా ఉండాది, పోయి సూసుకో" అంది. ఆయన వాటిని తిరిగి అమ్మలేదు. సొంత పశువును అమ్ముకునే దళారిని జనం నమ్మరట. ఇదొకటి ఉందని ముందే తెలిస్తే నేను ఆ కేసు తీసుకునేవాణ్ణి కాదు.

అయితే నేను అంచనా వేయనిది ఇంకొకటి జరిగింది. ఇంకొకడి చెయ్యి చేసిన బేరానికి తాను నిలబడ్డాడని ఆయన కథ సంతలన్నీ తిరిగింది. ఎందుకు నిలబడ్డాడో ఎవరికీ తెలియదు, నిలబడ్డాడన్నది మాత్రం అందరికీ తెలుసు. కుప్పం సంతలో సరిహద్దు అవతల నుంచి వచ్చే కన్నడ, తమిళ రైతులు కూడా ఆ తువ్వాలు కోసం కాచుకుని, మిగతా దళారులను కాదని ఆయన దగ్గరే బేరం పెట్టారు. ఏడాది చివర లెక్కకు మా గదికి వచ్చినప్పుడు నేను తెలివిగా ఎద్దుల బొమ్మ ఉన్న ఎరువుల క్యాలెండరు గోడకు తగిలించాను. ఆయన దాని ముందు నిలబడి, "జోడు బాగుండాది" అని మెచ్చుకుని, నా చేతిని తువ్వాలు కిందికి తీసుకున్నాడు. ఈ ఉపాయం ముందే తట్టి ఉంటే సంతకు పోయే పనే లేదు. ఆయన వేళ్ళు నొక్కుతూనే ఉన్నాడు. నొక్కడం ఆపేసరికి నాకు గుండె జారింది. ఎద్దులకు పోసినదంతా పోను కూడా భారీగా పన్ను పడే ఆదాయం. నేను రాసిచ్చిన అంచనా, ఏమీ లేదు.

తక్కువ అంచనా వేసినందుకు పిలుపు వచ్చింది. అప్పటికి మద్రాసు ఆయన బదిలీ అయిపోయాడు, కొత్త ఆఫీసరు కూర్చున్నాడు. ఈయనకు పాత కథ తెలియదు, మేం చెప్పలేం.

"ఏమీ రాదని రాసిచ్చి ఇంత సంపాదించారు. ఏం పెద్దాయనా, ముందే తెలియదా?"

దళారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వాన ఎంత పడతాదో కొంచెం చెప్పొచ్చు సార్. ఎద్దు ఎంత పలకతాదో చెప్తా. నన్ను జనం ఇంత నమ్ముతారని నాకి ముందే ఎట్ల తెలిసేది?"

నేను రాతపూర్వకంగా ఇవ్వాల్సిన జవాబులో, తక్కువ అంచనాకు కారణం: వ్యాపారంలో అనుకోకుండా వచ్చిన మంచి పేరు, అని రాశాను. ఆఫీసరు అది చదివి చాలాసేపు నవ్వాడు. నవ్వి, మంచి పేరుకు మినహాయింపు ఇచ్చే సెక్షన్ ఏదీ లేదని చెప్పి వడ్డీ వేశాడు. చట్టం ప్రకారం ఆయన చేసింది సరైనదే, నేనే ఆయన కుర్చీలో ఉన్నా అంతే చేసేవాణ్ణి.

దళారి బ్యాంకులో వడ్డీ కట్టి చలానా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. నేను ముఖం వేలాడేసుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి నా భుజం తట్టాడు. అంత సంతోషంగా పన్ను కట్టిన మనిషిని నా వృత్తిలో నేను మళ్ళీ చూడలేదు.

"యాల సామీ అట్లుండావు? దుడ్లకు వడ్డీ కట్టినోళ్ళు ఊరంతా ఉండారు. మంచి పేరుకు వడ్డీ కట్టినోడు ఈ మూడు సంతల్లో నేనొకడే గదా!"